సౌందర్య నటనము, మన మెచ్చుకోలు

ఒక నటి మరణించినప్పుడు లోకము ఆమెనుగూర్చి రెండు విధముల మాటలాడును. మొదటిది ఆమె రూపమునుగూర్చిన పొగడ్త. రెండవది ఆమె విధినిగూర్చిన నిట్టూర్పు. ఈ రెంటి నడుమ ఆమె చేసిన పని యొకటి యుండెనను సంగతి తరచుగా మరుగుపడును. 2004వ సంవత్సరము ఏప్రిల్ 17వ తేదీన బెంగుళూరు జక్కూరు విమానస్థలమునుండి బయలుదేరిన చిన్న విమానము కూలి సౌందర్య మరణించి ఇరువదియేండ్లు దాటినవి. ఇన్నేండ్లలో ఆమెనుగూర్చి తెలుగున వెలువడిన వ్రాతలను మేము పెక్కింటిని చదివితిమి. వానియందు కన్నీరు కలదు, స్తోత్రము కలదు. విమర్శనము మాత్రము మిక్కిలి స్వల్పము. చనిపోయినవారిని విమర్శింపరాదను సౌజన్యమే దీనికి కారణమని కొందరందురు. మాకట్లు తోచదు. ఒకరి పనిని పరిశీలింపక వట్టి మంచిమాటలతో సాగనంపుట మర్యాదవలె కనబడు అలక్ష్యము. ఆ అలక్ష్యములో మేమును పాలుపంచుకొంటిమి గనుక, దానిని కొంతవరకైన దిద్దుకొనవలెనని ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

మేము గుర్రంకొండ కోటక్రింద నివసించువారము. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములవారికి కన్నడసీమ పరాయిదేశము కాదు. మా రైతుల టొమాటోలు, పట్టుగూళ్లు, మా పిల్లల ఉద్యోగములు అన్నియు ఆ దిక్కునకే పోవుచుండును. కోలారు జిల్లాలోని ములబాగిలు మా సరిహద్దునకు చేరువనున్న పట్టణము. అక్కడి అంగడివీథిలో ఒకే బేరము తెలుగున మొదలై కన్నడమున ముగియుట మేమెన్నియో మారులు వింటిమి. ఆ ములబాగిలు సీమయందే సౌందర్య జన్మించినది. తల్లిదండ్రులు పెట్టిన పేరు సౌమ్య. తండ్రియగు కె. ఎస్. సత్యనారాయణగారు కన్నడ చలనచిత్రములకు కథలు వ్రాసినవారు. తెలుగువారామెను తెలుగుబిడ్డ యనియు, కన్నడిగులు కన్నడబిడ్డ యనియు వాదించుకొనునప్పుడు మాకు నవ్వు వచ్చును. రెండు భాషల నడుమ పెరిగినవారికి ఆ వాదము అక్కరలేదు. ఆమె మాకు పొరుగుబిడ్డ; అంతే చాలును. పొరుగుబిడ్డయగుటచేతనే ఆమెనుగూర్చి నిజము చెప్పవలసిన భారము మాపై మరికొంత హెచ్చుగా నున్నది.

ఈ ఆలోచన మాకు తనంతట తాను పుట్టినది కాదు. ఒక ఆదివారము మధ్యాహ్నము మా యింట టెలివిజనులో ‘పెళ్లిచేసుకుందాం’ చిత్రము వచ్చుచుండెను. ఇంటిలోని పెద్దలు, ఇరుగుపొరుగు స్త్రీలు కూడి చూచుచుండిరి. చిత్రము ముగియగానే పెద్దామె యొకతె, “ఎంత మర్యాదైన పిల్ల! నిండుగా చీర కట్టి ఎంత చక్కగా ఉన్నిందో!” యనెను. అందరును తల యూపితిరి, మేమును ఊపితిమి. అప్పుడు కళాశాలలో చదువుకొనుచున్న ఆమె మనుమరాలు తలయెత్తి, “అవ్వా, ఆ యమ్మ ఏం కట్టిందో చెప్తివి గానీ, ఏం చేసిందో చెప్పలేదే?” యని అడిగెను. ఎవరును బదులు చెప్పలేకపోతిరి. పెద్దామె నవ్వి కాఫీ పెట్టుటకు లోపలికి పోయెను. ఆ ప్రశ్న మాత్రము మా మనస్సును విడిచిపోలేదు.

నిజముగా ఆలోచించినచో, సౌందర్యనుగూర్చి మన గృహస్థులు పలికెడు మాటలలో పదింట తొమ్మిది ఆమె వేషధారణమునకు సంబంధించినవే. ఆమె ఒడలు దాచుకొన్నదనియు, కుటుంబమంతయు కూడి కూర్చుండి ఆమె చిత్రములు చూడవచ్చుననియు మనము మెచ్చుకొందుము. ఇది ఆమె గుణమును చెప్పుటకన్న మన సౌకర్యమును చెప్పుట. పిల్లల యెదుట మనకు సిగ్గు కలుగలేదు గనుక ఆమె గొప్ప నటి యనుట, వంటలో ఉప్పు సరిపోయినది గనుక వంటవాడు సత్యవంతుడనుట వంటిది. వస్త్రము నటనము కాదు. పైగా ఈ మెచ్చుకోలులో మరియొక చెడుగు దాగియున్నది. ఒక నటిని చీరనుబట్టి పొగడువారు మరియొక నటిని చీర లేనందున నిందించుటకు అప్పుడే సిద్ధపడి యుందురు. సౌందర్యను స్తుతించు నోటితోనే ఆమె తోటి నటీమణులను తూలనాడుట మనము నిత్యము వినుచున్నాము. ఈ విధముగా ఆమె పేరు, ఆమె యెరుగకయే, ఇతర స్త్రీలను దండించు బెత్తమైపోయినది.

ఆమె వృత్తిచరిత్రమును సంగ్రహముగా చెప్పుదుము. వైద్యవిద్యలో మొదటి సంవత్సరముననే చదువు మాని ఆమె చలనచిత్రములలో ప్రవేశించెను. 1992లో కన్నడమున ‘గంధర్వ’, 1993లో తెలుగున ‘మనవరాలి పెళ్లి’ వెలువడెను. ఆ సంవత్సరమే ఎస్. వి. కృష్ణారెడ్డిగారి ‘రాజేంద్రుడు గజేంద్రుడు’, ‘మాయలోడు’ చిత్రములతో ఆమె ముఖము ఇంటింటికిని పరిచితమైనది. అటుపిమ్మట తెలుగు, కన్నడ, తమిళ, మలయాళ, హిందీ భాషలలో పండ్రెండేండ్లలో నూరింటికి పైబడిన చిత్రములలో నటించెను. లెక్క వేసి చూచినచో ఏడాదికి ఎనిమిదింటికి పైగా చిత్రములు. ఆ కాలమున కథానాయికకు సాధారణముగా లభించుచుండినది నాలుగు పాటలు, రెండు కన్నీటి ఘట్టములు, తుదకు విలను చేతిలో బందీయగుట. అంత ఇరుకైన చోట నిలిచి ఆమె ఏమి చేయగలిగినదో చూచుటయే విమర్శకుని పని.

మొదట గుర్తింపవలసిన సంగతి యొకటి కలదు. ఆమె తెలుగు చిత్రములలో పెక్కింటియందు మనము వినునది ఆమె కంఠము కాదు. గాత్రదానము చేసినవారు వేరు. నటునికి సగము బలము గొంతులో నుండును. పద్యనాటకములు చూచిన తరమువారికి ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు. ఆ సగము బలము చేతిలో లేకయే ఆమె మనలను నవ్వించినది, ఏడ్పించినది. కాబట్టి ఆమె విద్య యంతయు కన్నులలోను, మెడ త్రిప్పుటలోను, మాటకు ముందు క్షణకాలము ఆగుటలోను ఉండెనని గ్రహింపవలెను. ఎదుటివారు మాటలాడుచున్నప్పుడు ఆమె ముఖమును చూడుడు. పెక్కుమంది నటులు తమ వంతు ఎప్పుడు వచ్చునా యని కాచుకొని యుందురు; ఆమె మాత్రము వినుచుండును. విన్నమాట ముఖముపై వ్రాలి, ఆలోచనగా మారి, పిమ్మట పెదవిని చేరును. ఈ ఆలకించుట యనునది నటనములో మిక్కిలి కష్టమైన భాగము. హాస్యమునందును ఆమెకు ఇదియే తోడ్పడినది. రాజేంద్రప్రసాదువంటి చురుకైన హాస్యనటుని ప్రక్కన నిలిచి, తాను తొందరపడక, అతని చమత్కారమునకు గోడవలె ఆనియుండి బంతిని తిరిగి కొట్టుట చిన్న పని కాదు.

1995లో కోడి రామకృష్ణగారి దర్శకత్వమున వచ్చిన ‘అమ్మోరు’ ఆమెకు గొప్ప పేరు తెచ్చినది. ఇందులో భవానియను అమాయికురాలు డాక్టరును పెండ్లాడి, అతడు విదేశమునకు పోగా అత్తింటివారిచేత చెప్పరాని బాధలు పడును. గ్రామదేవతయే పనిపిల్ల రూపమున వచ్చి ఆమెను కాపాడును. ఈ కథను సంస్కరణాభిమానులు మెచ్చుకొనలేరు. కోడలిని హింసించువారికి దేవత శూలముతో బుద్ధి చెప్పునని నమ్మించుట, చట్టమును, పొరుగువారిని, పుట్టింటివారిని వారివారి బాధ్యతనుండి విడుదల చేయుటయే. దేవత రాని ఇండ్లలోని కోడండ్ర గతి యేమి? అయినను ఆ చిత్రము చూచునప్పుడు మేము భయపడినది మంత్రగానిని చూచి కాదు. అత్తింటి నడవలో అడుగుల చప్పుడు వినినంతనే భవాని భుజములు ముడుచుకొనుట చూచి భయపడితిమి. ఆ భుజములు మాయ కావు. అట్టి భుజములను మనము మన వీథులలో చూచియున్నాము. కథ అసత్యమైనను నటనము సత్యమైనది.

ముత్యాల సుబ్బయ్యగారి దర్శకత్వమున వచ్చిన రెండు చిత్రములను ఇక్కడ కలిపి చెప్పవలెను. 1996 నాటి ‘పవిత్రబంధం’లో పెండ్లియందు నమ్మకము లేని ధనికయువకుడు ఏడాదికాలపు ఒడంబడికమీద రాధయను ఉద్యోగినిని పెండ్లాడును. గడువు తీరగానే ఆమెను పంపివేయును. పిమ్మట పశ్చాత్తాపపడి పిలుచును. ఈ కథయందలి ధర్మము మాకు సమ్మతము కాదు. ఒక స్త్రీ యేడాదిపాటు పరీక్షకు నిలిచి, ఉత్తీర్ణురాలైన పిదప భార్యయగుట యెట్టి పవిత్రత? పరీక్షించు పురుషుని పరీక్షించువారెవరు? కాని పిలిచినంతనే పరుగెత్తక నిలిచిన రాధ ముఖమును సౌందర్య ధరించిన తీరు చూచినచో, కథారచయిత అడుగని ప్రశ్నను నటి యడుగుచున్నట్లు తోచును. ఆమె కన్నులలో కోపము లేదు, లెక్క యున్నది. తాను చేసిన చాకిరికిని పొందిన గౌరవమునకును గల తేడాను ఆమె లెక్కించుచున్నది. చివరి రీలులో కథ ఆ లెక్కను చెరిపివేయును. చూచినవారి మనస్సులోనుండి మాత్రము అది చెరిగిపోదు.

1997 నాటి ‘పెళ్లిచేసుకుందాం’ ఇంతకన్న బరువైనది. హత్యను కన్నులార చూచిన శాంతి, నోరు మూసికొననందుకు దుర్మార్గునిచే చెరుపబడును. కన్నవారే ఆమెను గడప దాటింతురు. ఒక యువకుడామెకు ఆశ్రయమిచ్చి, తుదకు పెండ్లాడ నిశ్చయించును. కందుకూరి వీరేశలింగముగారు 1881లో రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించిన నాటినుండి, ‘దోషము స్త్రీయందు లేదు’ అను మాటను మన జాతి ఎన్నిమారులు విన్నదో లెక్కలేదు. విన్నది, మెచ్చుకొన్నది, తన యింటికి వచ్చునప్పటికి మరచినది. ఈ చిత్రము ఆ మాటను వేలాది ఆటలలో లక్షలాది జనులచే వినిపించినది. అందుకు మనము కృతజ్ఞులము. అయితే చిత్రమునందు ఘనత యంతయు ఆమెను స్వీకరించిన పురుషుని ఔదార్యమునకు దక్కినది. సౌందర్య మాత్రము శాంతిని దయకు పాత్రురాలినిగా నటింపలేదు. ఆశ్రయమిచ్చిన యింటిలో ఆమె నడచు తీరును చూడుడు: కృతజ్ఞత కలదు, దీనత లేదు. ఆనాడు మా యింట తలలూపిన మేము ఈ తేడాను గమనింపక చీరను గమనించితిమి.

కృష్ణవంశీగారి ‘అంతఃపురం’ 1998లో వచ్చినది. విదేశమున పెరిగిన భానుమతి భర్తతోను, చిన్న కొడుకుతోను అత్తవారి యూరికి వచ్చును. ఆ యూరు ఫ్యాక్షను కక్షలతో రగులుచుండును. భర్త చంపబడును, పసివానికి బాంబులు విసరుట నేర్పు తాతగారి కోటవంటి ఇంటినుండి బిడ్డను తప్పించుకొని పోవుటయే తక్కిన కథ. రాయలసీమవారమగు మాకు ఇట్టి చిత్రములపై ఒక ఆక్షేపణము కలదు. మా సీమ యనగానే తెరపై కొడవళ్లును, సుమోలును, నెత్తురును కనబడును. ఎండిన చెరువులు, వేరుసెనగ చేలు, వేయి అడుగులు త్రవ్వినను నీరు పడని బోరుబావులు కనబడవు. ఈ చిత్రము తరువాత వచ్చిన పెక్కు చిత్రములు కక్షను కీర్తించినవి. ‘అంతఃపురం’ మాత్రము కీర్తింపలేదు. ఏలన, కథ తల్లి కన్నులతో చెప్పబడినది. ప్రకాశ్‌రాజ్ వంటి గొప్ప నటుడు మామగా గర్జించుచుండగా, శారద వంటి ప్రౌఢనటి అత్తగా మౌనము వహించియుండగా, ఆ యిద్దరి నడుమ సౌందర్య తన చోటును తాను సంపాదించుకొన్నది. పౌరుషమని మనము పొగడునది ఒక పసివాని చేతిలో ఏమగునో ఆమె ముఖము చెప్పినంత స్పష్టముగా మా యెరుకలో ఏ యుపన్యాసకుడును చెప్పలేదు.

2001 నాటి ‘9 నెలలు’ చిత్రమును జనులు చాలవరకు మరచిరి. భర్త వైద్యమునకు ధనము కావలసి, ఒక భార్య పరుల బిడ్డను తన గర్భమున మోయుట క్రాంతికుమారుగారు తీసిన ఈ చిత్రమునందలి కథ. ప్రాణము నిలిచిన భర్తయే పిమ్మట ఆమెను శంకించును. డబ్బుకై గర్భమును అద్దెకిచ్చుట 2021 నాటి చట్టముచే మన దేశమున నిషేధింపబడినది గాని, ఆ చిత్రము వచ్చునప్పటికి అట్టి మాట మన యిండ్లలో ఎవరును ఎత్తియుండలేదు. పేరుప్రతిష్ఠలు నిండుగానున్న నటి యిట్టి పాత్రను ధరించుటకు ధైర్యము కావలెను.

ఆ ధైర్యమునకు పరాకాష్ఠ ‘ద్వీప’. నా. డి’సోజాగారి కన్నడనవల నాధారముగా గిరీశ్ కాసరవల్లిగారు 2002లో తీసిన ఈ చిత్రమునకు సౌందర్యయే నిర్మాత. తాను గడించిన ధనమును పాటలు, పోరాటములు లేని చిత్రముపై ఆమె వెచ్చించెను. దానికి జాతీయ ఉత్తమచిత్రముగా స్వర్ణకమలము లభించినది. ఆనకట్ట కట్టగా నీరు పెరిగి ఒక కొండయూరు ద్వీపమగును. అందరును పరిహారము పుచ్చుకొని వెడలిపోదురు. గుడినే నమ్ముకొన్న ఒక కుటుంబము మాత్రము కదలదు. శ్రీశైలము జలాశయము క్రింద మునిగిన గ్రామముల కథ వినిన తెలుగువారికి ఇది పరాయి కథ కాదు. ఆ యింటి కోడలు నాగి పాత్రను సౌందర్య ధరించెను. వాన కురియుచుండును, నీరు గడపకు వచ్చుచుండును. ఇల్లు నిలుపుటకు నాగి రాత్రింబవళ్లు పాటుపడును. తెల్లవారి ఇల్లు నిలిచియుండుట చూచి భర్త, ఇదంతయు దేవుని కృపయని చేతులు జోడించును. నాగి అతనిని చూచును. ఏమియు అనదు. ఆ చూపులో మన దేశపు స్త్రీల చాకిరి చరిత్ర యంతయు కలదు.

ఇంతకుమున్ను మేము చెప్పిన మాటలన్నియు ఇక్కడికే వచ్చి చేరుచున్నవి. నాగి భర్త చేసిన పనినే మనము సౌందర్యపట్ల చేసితిమి. ఆమె పండ్రెండేండ్లు పాటుపడి సంపాదించిన విద్యను ఆమె కష్టమునకు జమకట్టక, ఆమె ‘సంప్రదాయమునకు’, ‘మంచి కుటుంబమునకు’, ‘దైవమిచ్చిన ముఖవర్చస్సుకు’ జమకట్టితిమి. మన యిండ్లలోను ఇట్లే కదా! కోడలు పొదుపుగా ఇల్లు నడిపినచో, ‘లక్ష్మి మా యింట అడుగు పెట్టినది’ అందుము. కోడలు లెక్కలు బాగుగా వేసినదని యనము. కొమార్తె పరీక్షలో నెగ్గినచో మ్రొక్కు చెల్లింతుము. ఆమె మేలుకొన్న రాత్రులను లెక్కింపము. ఇది భక్తి కాదు. పని చేసినవారి కూలిని ఎగవేయుటకు దైవము పేరును వాడుకొనుట.

ఇంత చెప్పినను, ఆమె నటనమునందు లోపములు లేవని మేము చెప్పజాలము. ఏడాదికి ఎనిమిది చిత్రములు చేయువారికి ప్రతి పాత్రను పెంచి పోషించు తీరిక యుండదు. పెదవి వణకించి కన్నీరు నింపి తల ప్రక్కకు త్రిప్పుకొనుట యను నొక ముద్ర ఆమె చిత్రములలో పదేపదే కనబడి, కొన్నిచోట్ల అలవాటుగా మారినది. పెద్ద కథానాయకుల చిత్రములలో ఆమెను అలంకారముగా నిలిపినప్పుడు ఆమె వానిని తిరస్కరింపలేదు. 1996 నాటి ‘ఇంట్లో ఇల్లాలు వంటింట్లో ప్రియురాలు’ వంటి చిత్రము, ఒక పురుషుడు ఇద్దరు స్త్రీల నడుమ నలుగుటను నవ్వులాటగా చూపినది. జనులు విరగబడి నవ్విరి. అట్టి యింటిలోని స్త్రీకి అది నవ్వులాట కాదని ఆమెవంటి తెలివిగల నటికి తెలియకపోదు. ఈ తప్పు ఆమె యొక్కతెది మాత్రమే యనుట న్యాయము కాదు. కథ వ్రాసినవారును, ధనము పెట్టినవారును, టిక్కెట్టు కొన్న మనమును అందులో భాగస్వాములము. ‘ద్వీప’ను ఎందరు చూచిరి, పై చిత్రమును ఎందరు చూచిరి యని ఎవరి మనస్సును వారు అడుగుకొనిన చాలును.

ఇక ఆమె మరణమునుగూర్చి. 2003లో ఆమెకు వివాహమైనది. 2004లో ఆమె భారతీయ జనతా పార్టీలో చేరెను. ఏప్రిల్ 20వ తేదీన పోలింగు. దానికి మూడు దినముల ముందు కరీంనగరమున ప్రచారము చేయుటకై ఒంటి ఇంజను సెస్నా విమానములో బయలుదేరెను. విమానము నేల విడిచిన కొద్దిసేపటికే వ్యవసాయ విశ్వవిద్యాలయపు ఆవరణలో కూలి మండిపోయినది. ఆమెయు, ఆమె సోదరుడు అమరనాథును, పైలటును, పార్టీ కార్యకర్త యొకరును, మొత్తము నలుగురు మరణించిరి. ముప్పది దాటియు దాటని ప్రాయము. ఆమె నటించిన కన్నడచిత్రము ‘ఆప్తమిత్ర’ ఆమె పోయిన కొన్ని నెలలకు వెలువడి ఘనవిజయము పొందినది. మనస్సు రెండుగా చీలిన స్త్రీగా ఆమె చూపిన ప్రజ్ఞను జనులు కన్నీళ్లతో చూచిరి. ఇంకను ఎంత దూరము పోగలిగియుండెడిదో అప్పుడు తెలిసినది.

ఆ దినములలో మా వీథులలో వినవచ్చిన మాట యొకటే: ‘ఆమె జాతకములో అట్లు వ్రాసిపెట్టియున్నది.’ నేటికిని ఈ మాట చెప్పువారు కలరు. మేము వినయముతో మనవి చేయునదేమన, విమానములు జాతకమువలన కూలవు. యంత్రము, వాతావరణము, బరువు, నడుపువాని నిర్ణయము, వీనిలో ఏదో యొకటి తప్పుటచేత కూలును. తప్పెక్కడనో తెలిసికొనినచో మరియొక విమానము కూలకుండ కాపాడవచ్చును. అంతకు రెండేండ్లకు ముందు, 2002 మార్చి 3వ తేదీన, లోక్‌సభ స్పీకరు బాలయోగిగారు కైకలూరు దగ్గర హెలికాప్టరు కూలి మరణించిరి. అప్పుడును విధినే నిందించితిమి. 2009 సెప్టెంబరు 2వ తేదీన ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారును హెలికాప్టరు ప్రమాదముననే మరణించిరి. మరల విధియే! విధికి శిక్ష వేయుట సాధ్యము కాదు గనుకనే మనకది అంత ప్రియమైన ముద్దాయి. ఎన్నికల తొందరలో, ఒక్క దినమున నాలుగు ఊళ్లు తిప్పవలెనను ఆత్రుతలో, చిన్న విమానములలో మనుష్యులను పంపుట ఏ పార్టీకైనను తగునా యని అడుగువారు అరుదు. జనులకు తార కనబడవలెను, పార్టీకి జనులు కావలెను. ఈ రెండు ఆకలుల నడుమ ఒక ప్రాణమునకు గల వెల ఎవరి దృష్టికిని రాదు.

అకాలముగా పోయిన నటులయెడ మన నడత అంతటను ఇట్లే యున్నది. ‘బొబ్బిలి రాజా’తో తెలుగువారికి దగ్గరయైన దివ్యభారతి 1993లో పందొమ్మిదేండ్లకే మరణింపగా, ఆమె నటనమునుగూర్చి ఒక పుటయైన వ్రాయనివారు ఆమె మరణమునుగూర్చి మూడు దశాబ్దములుగా పుకార్లు చెప్పుకొనుచున్నారు. ‘చిత్రం’, ‘నువ్వు నేను’, ‘మనసంతా నువ్వే’ చిత్రములతో వెలిగిన ఉదయకిరణ్, అవకాశములు తగ్గిన కాలమున మన యెవరికిని జ్ఞప్తికి రాలేదు; 2014 జనవరిలో ముప్పదిమూడేండ్ల ప్రాయమున పోయిన మరునాడు మాత్రము అందరికిని ఆప్తుడైనాడు. బ్రతికియున్నవారి పనిని ఓపికతో చూడజాలని జాతి, చనిపోయినవారి కథను మాత్రము ఆత్రముతో వినును. ఇందు దుఃఖము కన్న వినోదమే హెచ్చు.

మా పాఠకులలో గృహిణులు, ఉపాధ్యాయులు, ఎదిగిన పిల్లల తల్లిదండ్రులు ఎక్కువమంది కలరని యెరుగుదుము. వారికి మేము చెప్పదలచినది స్వల్పము. సౌందర్య చిత్రములను చూడుడు. పిల్లలతో కూడి చూడుడు. చూచిన పిమ్మట ఆమె ఏమి కట్టినదని కాక, ఆమె ఏమి చేసినదని మాటలాడుకొనుడు. భవాని ఎందుకు భయపడవలసివచ్చెను, రాధ ఎందుకు వెంటనే పోలేదు, శాంతిని గడప దాటించినవారి తప్పేమి, భానుమతి బిడ్డను ఎత్తుకొని పరుగెత్తిన యిల్లు ఎవరి యిల్లు? ఈ ప్రశ్నలు సినిమాకు సంబంధించినవి కావు. మన గడపకు సంబంధించినవి. వీలైనచో ‘ద్వీప’ను సంపాదించి చూడుడు. కన్నడము రానివారికిని నాగి చూపు అర్థమగును.

మొన్న మా పొరుగింటి పెద్దామెకు ఆ చిత్రము చూపితిమి. మనుమరాలు ప్రక్కన కూర్చుండి కన్నడమాటలకు తెలుగు చెప్పుచుండెను. తెల్లవారి భర్త దేవునికి చేతులు జోడించు ఘట్టము వచ్చినప్పుడు మనుమరాలు ఏమియు చెప్పకుండెను. చెప్పవలసిన పనియు లేకపోయెను. పెద్దామె కొంతసేపు తెరవంక చూచుచు నుండి, “రాత్రంతా పాటుపడింది ఆ పిల్ల కదే!” యనెను. ఆమె చీరనుగూర్చి మాటలాడలేదు.

ఇరువదియేండ్లు దాటిన పిమ్మట ఆ నటికి తగిన మెచ్చుకోలు మా వీథిలో ఆనాడు మొదటిమారు వినవచ్చినది.